గోంగ్ లీ: తరచుగా అడిగే ప్రశ్నలు

చైనా సినిమాలు చూడడం మొదలుపెట్టినవాళ్లు నటి గోంగ్ లీ దగ్గరికి వచ్చేసరికి అడిగే సందేహాలు దాదాపు ఒకటే: ఏ సినిమాతో మొదలుపెట్టాలి, నిషేధం మాట నిజమేనా, ఆ అవార్డు ఆమెకా సినిమాకా. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లొచ్చు. ఒక హెచ్చరిక మాత్రం: అవసరమైనచోట కథల మలుపులు కూడా చెప్పేశాం.

## పుట్టుక, చదువు, మొదటి అవకాశం

గోంగ్ ఇంటిపేరా, లీ ఇంటిపేరా? జెట్ లీకి ఏమైనా అవుతుందా?

ఏమీ కాదు. గోంగ్ ఇంటిపేరు, లీ ఆమె పేరు. మనలాగే చైనాలోనూ ఇంటిపేరు ముందు రాస్తారు. కొన్ని పాత టైటిల్ కార్డుల్లో, పాశ్చాత్య పత్రికల్లో "లీ గోంగ్" అని కనబడితే అదీ ఈమే.

ఆమెది ఏ ఊరు?

1965 డిసెంబర్ 31న ఈశాన్య చైనాలోని షెన్యాంగ్‌లో పుట్టింది. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి ఆర్థికశాస్త్రం అధ్యాపకుడు. పెరిగిందంతా షాన్‌డాంగ్ రాష్ట్ర రాజధాని జినాన్‌లో. ఆమె మొదటి సినిమా కథ జరిగేది కూడా షాన్‌డాంగ్ పల్లెలోనే.

నటన ఎక్కడ నేర్చుకుంది?

బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీ ఆఫ్ డ్రామాలో. చిన్నప్పుడు పాటల మీద మోజు. కళాశాలల ప్రవేశ పరీక్షల్లో ముందు తప్పి, 1985లో ఇక్కడ సీటు సంపాదించింది. 1989లో బయటికి వచ్చింది. చాలామంది దీన్ని బీజింగ్ ఫిల్మ్ అకాడమీతో కలిపేస్తారు, రెండూ వేరు. దర్శకులు జాంగ్ యీమౌ, చెన్ కైగ చదివింది ఫిల్మ్ అకాడమీలో, 1978 నుంచి 1982 దాకా. అంటే ఆమెకూ వాళ్లకూ ఒకే కాలేజీ పరిచయం లేదు.

మొదటి సినిమా అవకాశం ఎలా వచ్చింది?

ఛాయాగ్రాహకుడిగా అప్పటికే పేరున్న జాంగ్ యీమౌ తొలిసారి దర్శకత్వం వహిస్తూ, మో యాన్ నవల ఆధారంగా "రెడ్ సోర్గమ్" తీయబోతున్నాడు. సారా బట్టీ యజమానికి పెళ్లి పేరుతో అమ్ముడుపోయిన పల్లెటూరి అమ్మాయి పాత్ర కోసం డ్రామా అకాడమీలో వెతికి, ఇంకా చదువుకుంటున్న గోంగ్ లీని ఎంచుకున్నాడు.

పట్నం పిల్ల పల్లెటూరి మనిషిలా నడవాలి కదా. అందుకని షూటింగ్‌కు ముందు షాన్‌డాంగ్‌లోని గావ్‌మీ పల్లెలో కావడితో నీళ్లు మోయించారు. ఆ సాధన తెరమీద తెలుస్తుంది: భుజాల బిగువు, అడుగులో బరువు కాలేజీ అమ్మాయివి కావు. 1987లో పూర్తయిన ఈ సినిమా 1988 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. చైనా సినిమాకు అది మొదటిసారి. ఆమె అప్పటికి డిగ్రీ కూడా పూర్తి చేయలేదు.

## జాంగ్ యీమౌతో, 1987 నుంచి 1995 దాకా

ఇద్దరూ కలిసి మొత్తం ఎన్ని సినిమాలు చేశారు?

ఆయన దర్శకత్వంలో ఆమె తొమ్మిది చేసింది: "రెడ్ సోర్గమ్", "కోడ్‌నేమ్ కూగర్", "జూ డౌ", "రెయిజ్ ది రెడ్ లాంటర్న్", "ది స్టోరీ ఆఫ్ చియూ జూ", "టు లివ్", "షాంఘై ట్రయాడ్", చాలా ఏళ్ల తర్వాత "కర్స్ ఆఫ్ ది గోల్డెన్ ఫ్లవర్" (2006), "కమింగ్ హోమ్" (2014). "కోడ్‌నేమ్ కూగర్" విమానం హైజాక్ కథ. దాన్ని వదిలేసినా నష్టం లేదు. ఇవి కాక "ఎ టెర్రకోటా వారియర్"లో ఇద్దరూ జంటగా నటించారు. అందులో ఆయన నటుడు మాత్రమే, దర్శకుడు వేరొకరు. లెక్కలు తేడా వచ్చేది ఇక్కడే.

"రెయిజ్ ది రెడ్ లాంటర్న్"ని అందరూ అంతలా పొగుడుతారెందుకు?

మొదటి షాట్ చూడండి. తెరనిండా ఆమె ముఖం. కదలని కెమెరా. తండ్రి చనిపోయి యూనివర్సిటీ చదువు ఆగిపోయిన పందొమ్మిదేళ్ల సోంగ్లియాన్, తెరమీద కనబడని సవతితల్లితో మాట్లాడుతుంది. డబ్బున్నవాడికే ఇచ్చెయ్యి, ఉన్న భార్యల్లో ఒకతెగా పడి ఉంటానంటుంది. గొంతులో జీర లేదు, ముఖం ముడవదు, కన్నీళ్లు మాత్రం వాటంతట అవి చెంపల మీదికి దిగుతాయి. తర్వాతి రెండు గంటల సినిమాకు బీజం అక్కడే పడింది.

షాన్‌షీ రాష్ట్రంలోని చియావ్ కుటుంబపు లోగిలిలో తీశారు. యజమాని రాత్రి ఏ భార్య దగ్గర ఉంటే ఆ వాకిట్లో ఎర్ర లాంతర్లు వెలుగుతాయి, ఆమె పాదాలకు చిన్న సుత్తులతో మర్దన జరుగుతుంది, మర్నాడు భోజనంలో ఏం వండాలో ఆమే చెబుతుంది. ఈ లాంతర్ల తంతు సూ తోంగ్ రాసిన మూలకథలో లేదు, సినిమా కోసం కల్పించారు. చైనాలో నిజంగా ఇలాంటి ఆచారం ఉండేదని నమ్మి రాసిన వ్యాసాలు బోలెడు ఉన్నాయి, పట్టించుకోకండి. యజమాని ముఖం ఒక్కసారి కూడా స్పష్టంగా చూపించరు. దాంతో మన చూపంతా "అక్కా, చెల్లీ" అని పిలుచుకుంటూనే ఒకరినొకరు పొడుచుకునే నలుగురు ఆడవాళ్ల మీదే ఉంటుంది.

"చియూ జూ"లో ఉన్నది నిజంగా ఆమేనా? గుర్తుపట్టలేకపోయాను.

ఆమే. గుర్తుపట్టకపోవడమే ఆ పాత్ర గొప్పతనం. నిండు గర్భిణి, తలకు కండువా, లావుపాటి దూది కోటు, నడుము వెనక్కి వంచి కాళ్లు ఎడంగా వేసే నడక. భర్తను ఊరిపెద్ద తన్నాడు. పరిహారం డబ్బు ఆమెకు అక్కర్లేదు, తప్పు ఒప్పుకోమంటుంది. ఊరిపెద్ద నోట్లు నేలమీద విసిరి, ఏరుకుంటూ ఒక్కో నోటుకూ నా ముందు తల వంచమంటాడు. ఆమె ముట్టుకోదు. ఎండుమిర్చి అమ్ముకుంటూ ఆ డబ్బుతో ఊరి నుంచి మండలానికి, అక్కడి నుంచి నగరానికి తిరుగుతుంది.

షాన్‌షీ పక్కనే ఉన్న షాన్సీ రాష్ట్రపు పల్లెల్లో, అక్కడి యాసలోనే తీశారు. వీధి దృశ్యాల్లో కెమెరాలు దాచిపెట్టారు. ముఖ్యపాత్రల్లో నలుగురే వృత్తి నటులు, మిగతావాళ్లంతా స్థానికులు. వాళ్ల మధ్య నటన బయటపడిందా సినిమా పోయినట్టే. 1992లో సినిమాకు వెనిస్ చిత్రోత్సవపు అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్, ఆమెకు ఉత్తమ నటిగా వోల్పీ కప్ వచ్చాయి. ఆమె చేసినవాటిలో ఒక్కటే ఎంచమంటే మా ఓటు దీనికే.

"జూ డౌ" ఎలాంటి సినిమా?

1990లో వచ్చింది. బట్టలకు రంగులద్దే కార్ఖానా, ముసలి క్రూరుడైన యజమాని, అతను కొనుక్కొచ్చిన భార్య, అక్కడే పనిచేసే అతని అన్న కొడుకు వరసవాడు. గోడ కంతలోంచి అతను తనను చూస్తున్నాడని తెలిసి ఆమె దాక్కోదు, దెబ్బలు తిన్న ఒంటితో అటే తిరిగి నిలబడుతుంది. ఆ ఒక్క కదలికతో బాధితురాలు కాస్తా సాక్ష్యం చూపించే మనిషి అవుతుంది. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రం విభాగానికి నామినేట్ అయిన మొదటి చైనా సినిమా ఇదే.

ఆమె సినిమాలను చైనాలో నిషేధించారంటారు. ఎంతవరకు నిజం?

కొన్ని విషయాల్లో నిజం. "జూ డౌ"ను, "రెయిజ్ ది రెడ్ లాంటర్న్"ను కొంతకాలం ఆపి, 1992లో అనుమతించారు. "జూ డౌ"ను ఆస్కార్ పోటీ నుంచి వెనక్కి తీసుకోవాలని చైనా అధికారులు ప్రయత్నించారు కూడా. "రెడ్ లాంటర్న్" ఆస్కార్‌కు హాంకాంగ్ తరఫున వెళ్లింది. "ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్" విడుదలై, ఆగి, కోతలతో మళ్లీ విడుదలైంది. "టు లివ్" మాత్రం చైనా థియేటర్లకు రానేలేదు. నిషేధాలు సినిమాల మీద, దర్శకుడి మీద. ఆమె నటించకూడదని నిషేధం ఎప్పుడూ లేదు.

"టు లివ్"లో ఆమెది చిన్న పాత్ర అంటారు, చూడాలా?

తప్పకుండా చూడాలి. కేన్స్‌లో ఉత్తమ నటుడి అవార్డు భర్తగా వేసిన గె యోకు వచ్చింది కాబట్టి అలా అంటారేమో. జూదంలో ఇల్లు పోగొట్టుకున్న మొగుడు, అంతర్యుద్ధం, ఉక్కు తయారీ ఉద్యమం, సాంస్కృతిక విప్లవం అన్నీ దాటుకొచ్చే జియాజెన్ పాత్ర ఆమెది. కొడుకు చావుకు కారణమైనవాణ్ని ఏళ్ల తరబడి గడప తొక్కనివ్వదు. చివరికి అతను బతుకు మీద విరక్తితో అర్ధరాత్రి వచ్చి వెళ్లిపోతుంటే, నువ్వు మాకు ఒక ప్రాణం బాకీ ఉన్నావని గుర్తుచేస్తుంది. క్షమించాననదు, చావొద్దంటుంది. అంతే.

"ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్"లో కథానాయిక ఆమేనా?

కథ ప్రధానంగా ఇద్దరు పెకింగ్ ఒపెరా (చైనా సంప్రదాయ సంగీత నాటకం) నటులది. ఆ పాత్రల్లో లెస్లీ చెయుంగ్, జాంగ్ ఫెంగ్యీ. గోంగ్ లీ వేసింది వాళ్ల మధ్యకు వచ్చిన జూషియాన్, వేశ్యాగృహం వదిలి పెళ్లి చేసుకున్న మనిషి. దర్శకుడు చెన్ కైగ. 1993లో కేన్స్ అత్యున్నత బహుమతి పామ్ డోర్‌ను "ది పియానో"తో పంచుకుంది. చైనా భాషలో తీసిన సినిమాకు ఆ బహుమతి అదే మొదలు. ఈ పాత్రకు న్యూయార్క్ సినీ విమర్శకుల సంఘం ఆమెను ఉత్తమ సహాయనటిగా ఎంచుకుంది.

జాంగ్ యీమౌ లేకపోతే ఆమె లేదంటారు. నిజమేనా?

అవకాశం ఆయన ఇచ్చాడు, అది కాదనలేం. కానీ ఆయన సినిమాల్లో రంగు, కూర్పు ఎంత బలమైనవంటే, మామూలు నటి అయితే వాటిలో బొమ్మలా మిగిలిపోయేది. పైగా 1995 తర్వాత పదేళ్లకు పైగా ఆయన లేకుండానే చెన్ కైగ, సున్ జౌ, వాంగ్ కార్‌వైలతో చేసి అవార్డులు తెచ్చుకుంది. "ఆయన చెక్కిన శిల్పం" అన్న మాట సినిమా పేజీలకు సులువుగా దొరికే వాక్యం, అంతకుమించి అందులో సరుకు లేదు.

## 1996 తర్వాత

జాంగ్ యీమౌతో విడిపోయాక అవకాశాలు తగ్గాయా?

తగ్గలేదు, రకాలు పెరిగాయి. చెన్ కైగతో "టెంప్ట్రెస్ మూన్" (1996), "ది ఎంపరర్ అండ్ ది అసాసిన్" (1998). వేన్ వాంగ్ తీసిన "చైనీస్ బాక్స్" (1997) ఆమె తొలి ఆంగ్ల చిత్రం. "బ్రేకింగ్ ది సైలెన్స్"లో చెవుడున్న కొడుకును మామూలు బడిలో చేర్పించడానికి తంటాలు పడే ఒంటరి తల్లి పాత్రకు 2000లో మాంట్రియల్ ఉత్సవంలో ఉత్తమ నటి అయింది. ఈ సినిమా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అన్యాయం.

హాలీవుడ్‌లో ఎందుకు నిలదొక్కుకోలేదు?

"మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా" (2005), "మయామీ వైస్" (2006), "హానిబల్ రైజింగ్" (2007), "ములాన్" (2020). వరసగా జపాన్ గీషా, క్యూబాలోని చైనా సంతతి మనిషి, జపాన్ దొరసాని, మాంత్రికురాలు. ఒక్కటీ మామూలు చైనా ఆడమనిషి పాత్ర కాదు. ఇంగ్లీష్ ఆమెకు అలవాటైన భాష కాదు, సంభాషణలు బట్టీ పట్టి చెప్పాల్సి వస్తే ఆమె అసలు బలం, అంటే మాటల మధ్య విరామం, దెబ్బతింటుంది. "గీషా"లో హత్సుమోమో మాత్రం మినహాయింపు. ఓడిపోతున్న ఆడదాని అసూయను కళ్లతోనే మోసింది, ఆ పాత్రకు అమెరికా నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ ఉత్తమ సహాయనటి గౌరవం దక్కింది.

"గీషా" సినిమా మీద చైనాలో గొడవ ఎందుకైంది?

జపాన్ గీషాలుగా చైనా నటీమణులు వేయడం. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం చైనా స్త్రీల మీద చేసిన అకృత్యాల జ్ఞాపకం అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. 2006 మొదట్లో అక్కడి విడుదల రద్దయింది.

"కర్స్ ఆఫ్ ది గోల్డెన్ ఫ్లవర్" హంగామా సినిమా కదా, అందులో నటన ఏముంది?

హంగామాయే. వేల చామంతులు, బంగారు కవచాలు. కానీ చక్రవర్తి మందు పేరుతో రోజూ విషం పంపుతుంటే, అది విషమని తెలిసీ గిన్నె ఎత్తి తాగే మహారాణిని చూడండి. వేళ్ల వణుకు మొదట సన్నగా ఉంటుంది, దృశ్యం దృశ్యానికి పెరుగుతుంది. అంత బరువైన కిరీటం కింద ఆ వణుకును లెక్క తప్పకుండా పెంచుకుంటూ పోవడం చిన్న పని కాదు. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటి అయింది. కథకు మూలం చావ్ యూ రాసిన ప్రసిద్ధ నాటకం "థండర్‌స్టార్మ్".

"కమింగ్ హోమ్" ఏడిపిస్తుందా?

ఏడిపిస్తుంది. రాజకీయ ఖైదీగా ఏళ్లు గడిపి వచ్చిన భర్తను భార్య గుర్తుపట్టదు. అయిదో తారీఖున వస్తానని రాసిన ఉత్తరం పట్టుకుని, ప్రతి నెలా అయిదున రైల్వే స్టేషన్‌కు వెళ్లి ఎదురుచూస్తుంది. ఆ భర్తే పరాయివాడిలా పక్కన కూర్చుని, తాను రాసిన ఉత్తరాలే ఆమెకు చదివి వినిపిస్తాడు. మతిమరుపు పాత్రల్లో నటులు సాధారణంగా శూన్యంలోకి చూస్తారు. ఆమె అలా చేయదు, ఎదుటివాళ్లను మర్యాదగా, శ్రద్ధగా చూస్తుంది. అందుకే గుండె పిండేస్తుంది.

వాలీబాల్ కోచ్‌గా చేసిన సినిమా ఏది?

"లీప్" (2020), దర్శకుడు పీటర్ చాన్. చైనా మహిళల జట్టు కోచ్ లాంగ్ పింగ్ పాత్ర. యువ లాంగ్ పింగ్‌గా నటించింది లాంగ్ పింగ్ సొంత కూతురే. నడివయసు కోచ్ భుజాల వంపు, నడక, చేతులు కట్టుకునే తీరు దాకా గోంగ్ లీ పట్టేసింది.

## అవార్డులు, వివాదాలు, వ్యక్తిగతం

ఆమెకు ఆస్కార్ వచ్చిందా?

రాలేదు, నామినేషన్ కూడా లేదు. నామినేట్ అయినవి ఆమె నటించిన సినిమాలు. 2023లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నది ఈమె కాదు, మలేషియాకు చెందిన మిషెల్ యో. "క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్"లో ఉన్నది మిషెల్ యో, జాంగ్ జీయి. గోంగ్ లీ అందులో లేదు. ముగ్గురూ కలిసి కనబడేది "మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా"లో.

జ్యూరీలకు అధ్యక్షత వహించిందా?

బెర్లిన్ (2000), వెనిస్ (2002), షాంఘై (2014) చిత్రోత్సవాల జ్యూరీలకు అధ్యక్షురాలు. 1997 కేన్స్‌లో జ్యూరీ సభ్యురాలు.

తైవాన్ గోల్డెన్ హార్స్ సినీ అవార్డుల వేదిక మీద ఏం జరిగింది?

రెండు సంఘటనలున్నాయి, వాటిని కలిపేస్తుంటారు. 2014లో "కమింగ్ హోమ్"కు ఉత్తమ నటి బహుమతి రాకపోయేసరికి ఆ పోటీ తీరును ఆమె బాహాటంగా తప్పుపట్టింది. అయినా 2018లో అక్కడికే జ్యూరీ అధ్యక్షురాలిగా వెళ్లింది. ఆ ఏడాది ఒక డాక్యుమెంటరీ దర్శకురాలు తైవాన్‌ను ప్రత్యేక దేశంగా గుర్తించాలన్న అర్థంలో మాట్లాడడంతో చైనా నుంచి వచ్చినవాళ్లు నొచ్చుకున్నారు. చివర్లో ఉత్తమ చిత్రం బహుమతి ఇవ్వడానికి పిలిచినా గోంగ్ లీ కుర్చీలోంచి లేవలేదు. దర్శకుడు ఆంగ్ లీ ఒక్కడే అందజేశాడు.

ఇప్పుడు ఆమె ఏ దేశ పౌరురాలు?

2008లో సింగపూర్ పౌరసత్వం తీసుకుంది. చైనా జంట పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి పాతది వదులుకోవాల్సిందే. ఆ వార్త రాగానే చైనా ఇంటర్నెట్‌లో దుమ్మెత్తిపోశారు. ఆ తర్వాత కూడా ఆమె ప్రధానంగా నటించింది చైనా సినిమాల్లోనే.

పెళ్లి?

1996లో సింగపూర్ వ్యాపారవేత్తతో, 2010లో విడాకులు. 2019లో ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్‌తో పెళ్లి అయినట్టు బయటికి తెలిసింది. జాంగ్ యీమౌతో పెళ్లి జరగలేదు.

## చూడాలనుకునేవాళ్లకు

ఏ వరసలో చూడాలి?

విడుదల వరసలో వద్దు. ముందు "రెయిజ్ ది రెడ్ లాంటర్న్", వెంటనే "చియూ జూ". ఈ రెంటికీ మధ్య ఏడాదే తేడా, ఒకే దర్శకుడు, ఒకే నటి. ఒకదాంట్లో కదలకుండా కూర్చునే పట్టుబట్టల మనిషి, ఇంకోదాంట్లో బురదరోడ్డున పొట్ట పట్టుకుని నడిచే మనిషి. ఆ తేడా ఒంటబట్టాక "టు లివ్", "ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్", ఆఖరున "కమింగ్ హోమ్". తెలుపు నలుపు గూఢచారి కథలు నచ్చేవాళ్లు లౌ యే తీసిన "సాటర్డే ఫిక్షన్" (2019) కలుపుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి.

ఏ ప్రింట్ సరైనదో ఎలా తెలుస్తుంది?

నిడివి చూసుకోండి. "ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్" పూర్తి రూపం 171 నిమిషాలు. 157 అని ఉంటే అది అమెరికా పంపిణీదారు కత్తిరించింది. వాంగ్ కార్‌వై తీయగా ఆమె నటించిన "ది హ్యాండ్" మొదట "ఈరోస్" అనే మూడు కథల సినిమాలో భాగంగా 2004లో వచ్చింది, తర్వాత దాదాపు గంట నిడివితో విడిగా వచ్చింది. పొడవైనదే చూడండి.

వెతికితే వేరే సినిమాలు వస్తున్నాయి, ఎందుకు?

పేర్లు కలుస్తాయి. "టు లివ్" అని కొడితే జపాన్ దర్శకుడు కురోసావా 1952 సినిమా "ఇకిరు" (ఆ మాటకూ అర్థం అదే) కూడా వస్తుంది, మీకు కావలసింది 1994ది. "షాంఘై ట్రయాడ్" (1995) వేరు, "షాంఘై" (2010) వేరు, రెండిట్లోనూ ఆమె ఉంది. పేరుతోపాటు సంవత్సరం కూడా కొడితే ఇబ్బంది ఉండదు.

ఇంట్లో పిల్లలతో కలిసి చూడగలిగేవి ఉన్నాయా?

"లీప్", "ములాన్" నిశ్చింతగా చూడొచ్చు. "చియూ జూ" కూడా పర్లేదు, కాకపోతే భర్తకు దెబ్బ ఎక్కడ తగిలిందో పిల్లలు అడుగుతారు. హైస్కూల్ పిల్లలతో "టు లివ్", "కమింగ్ హోమ్". "జూ డౌ", "ది హ్యాండ్" పెద్దవాళ్లకే. "రెడ్ సోర్గమ్"లో యుద్ధకాలపు హింస ఒకచోట చాలా తీవ్రంగా ఉంటుంది, పిల్లలకు పెట్టొద్దు.

అన్నీ ఏడుపు సినిమాలేనా? నవ్వించేది ఒక్కటీ లేదా?

స్టీఫెన్ చౌతో "ఫ్లర్టింగ్ స్కాలర్" (1993) ఉంది, హాంకాంగ్ మార్కు అల్లరి. నిజానికి ఆ సినిమాలో నవ్వించే పని అతనిది, ఆమె మొహం సీరియస్‌గా పెట్టుకుని నిలబడుతుంది. "వాట్ విమెన్ వాంట్" (2011) ఆండీ లావుతో చేసిన రీమేక్, కాలక్షేపానికి సరిపోతుంది.